జనం లేని అడవి

రాజగోపాల్‌కి పార్కులో చెట్లుండాలి, మనుషులుండకూడదు. అమెరికాలో, సన్నీవేల్‌లో ఇంజనీరు. ఆఫీసులో అందరితో కలుపుగోలుగానే ఉంటాడు. మరి ఈ పిచ్చి ఎక్కణ్ణించి పట్టుకుందో భార్య రేణుకి అంతుపట్టలేదు. అంతుపట్టకపోయినా ప్రతిసారీ పులిహోర కలిపి వెంట బయల్దేరే తన తెలివిని ఏమనాలో కూడా తెలియలేదు.

అక్టోబర్‌లో బడ్జెట్ కుదరక గవర్నమెంట్ షట్‌డౌన్ అయింది, సర్కారు ఆఫీసులన్నీ మూతపడ్డాయి. "ఇదే ఛాన్స్, ఎవరూ రారు" అన్నాడు. రేణూ, ఇండియా నుంచి వచ్చిన ఆమె తల్లి ధనమ్మా కారెక్కారు. మ్యూర్‌వుడ్స్ అడవి పార్కులో నిజంగానే ఒక్క మనిషి లేడు. గేటు మూసేశారు.

"చెప్పానా, ప్రశాంతంగా ఉంటుందని" అన్నాడు, గేటు బయట పులిహోర తింటూ.

తర్వాత ఒక జడివాన రోజు తీసుకెళ్ళాడు. ముగ్గురూ కారులో కూర్చుని వైపర్లని చూసి వచ్చారు.

ధనమ్మ తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక సూపర్ బౌల్ ఆదివారం వచ్చింది, అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ రోజు. "అమెరికా అంతా టీవీ ముందే ఉంటుంది. ఇవాళ అడవి మనదే" అన్నాడు.

అమెరికా టీవీ ముందే ఉంది. బే ఏరియాలోని మనవాళ్ళంతా మ్యూర్‌వుడ్స్ పార్కింగ్ లాట్‌లో ఉన్నారు. పక్క కారులోంచి స్టీలు క్యారియర్ దించుతున్న పెద్దాయన పలకరించాడు.

"తెలుగువాళ్ళేనా? సూపర్ బౌల్ కదా, ఎవరూ ఉండరని వచ్చామండీ."

రాజగోపాల్ నడక మొదలుపెట్టాడు. జనం కనిపించినకొద్దీ ఇంకా ముందుకి.

"ఏవండీ, అమ్మ మోకాళ్ళు గుర్తున్నాయా?" అంది రేణు.

"ఆ మలుపు దాకా."

మలుపు తిరిగాక ఎవరూ లేరు. అత్తగారిని బెంచీ మీద కూర్చోబెట్టాడు. "అత్తయ్యగారూ, ఇక్కడ గోడల్లేవు. గొంతెత్తి పాడండి."

రేణుకి అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ వచ్చిన కొత్తలో వంట చేస్తూ పాడుతుంటే పక్క అపార్ట్‌మెంటు వాళ్ళు గోడ మీద కొట్టారు. ఆ రోజుతో ఆవిడ పాట ఆపేసింది. అమ్మకి ఇక్కడి పద్ధతులు అలవాటైపోయాయని అక్కకి ఫోన్లో గొప్పగా చెప్పింది తను. ఈయనకి జనం పడకపోవడం మొదలైందీ ఆ వారంలోనే.

"ఎవరైనా వస్తేనో?" అంది ధనమ్మ.

"రారు" అన్నాడు, పార్కింగ్ లాట్ చూడనట్టే.

ధనమ్మ మంగళహారతి ఎత్తుకుంది. కట్టిపెట్టిన గొంతు కదా, మొదట బొంగురుపోయి, రెండో చరణానికి కుదురుకుని పైకి లేచింది. మలుపు వెనక నుంచి ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ధనమ్మ చూసింది. గొంతు మాత్రం తగ్గించలేదు.

"ఇంకొకటి పాడండి పిన్నిగారూ" అన్నారెవరో.

రాజగోపాల్ లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. పంపేస్తాడేమోనని రేణు కంగారుగా వెంటవెళ్ళింది. ముందు వరసలో నిలబడ్డవాళ్ళ భుజం తట్టి చెబుతున్నాడు.

"కాస్త సర్దుకోండి. వెనక ఇంకా వస్తున్నారు."