వీధరుగు, పెరటరుగు

మొన్న సాయంత్రం మా అపార్టుమెంటులో కింద వాటా ఆవిడ ఐదో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల చేతిలో లావుపాటి గైడు. "మీరు అప్పట్లో మీ ఊళ్ళో పిల్లల్ని ఎంట్రన్సుకి తయారుచేసేవారటగదండీ. మా దానికి కాస్త లెక్కలు చెబుతారేమోనని..." అంది. నా ముఖం చేటంత అయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను తలుచుకునేవాళ్ళున్నారన్నమాట అనుకుని, ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. అడక్కపోయినా బాగుండేది. "పై వాటాలో మీ తోటికోడలుగారండి. ముందు వారినే అడిగామండి. కంటి ఆపరేషనయ్యిందట, మిమ్మల్ని అడగమన్నారు." ముందు వారినే అడిగారట! కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళి, అరవై దాటిన మనిషినన్న సంగతి కూడా మరిచిపోయి, గిన్నెలు ఠంగుఠంగుమనిపించాను. ఆ అసూయకి పాతికేళ్ళ వయసు. ఇంకా పళ్ళు ఊడలేదు దానికి.

తొంభైల చివర్లో, పాలకొల్లు దగ్గర మా అత్తవారి ఊళ్ళో, ఎంట్రన్సు అంటే ఒక్కటే. దేశమంతటా ఐదో తరగతి పిల్లలు రాసే పరీక్ష. నెగ్గితే ఆరో తరగతి నించి పన్నెండు దాకా హాస్టల్లో పెట్టి చదువు, తిండి, బట్టలు అన్నీ సర్కారే చూసుకుంటుంది. అందులో లెక్కలు, తెలుగు కాక బొమ్మల ప్రశ్నలు కూడా ఉండేవి. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదేది, ఈ బొమ్మ అద్దంలో ఎలా కనిపిస్తుంది అంటూ. నేను డిగ్రీలో లెక్కలు చదివి, పెళ్ళయ్యాక ఆ చదువుని ఊరగాయ జాడీలతోపాటు అటకెక్కించినదాన్ని. మా అమ్మాయి ఐదులోకి రాగానే దాన్ని ఈ పరీక్షకి కూర్చోబెట్టాలని పట్టుబట్టి, వీధరుగు మీద చాప పరిచాను. నెల తిరిగేసరికి ఊళ్ళో పిల్లలు చాపకి పట్టనంతమంది అయ్యారు. మాది కొబ్బరి తోటల ఇల్లు కాబట్టి నేను లెక్కలన్నీ కాయలతోనే చెప్పేదాన్ని. భాగహారమంటే కుప్పలు పొయ్యడం, శాతమంటే వందలో కుళ్ళు కాయలు ఏరడం. పిల్లలు వీపు మీద పీచు అంటించుకుని ఇళ్ళకి వెళ్ళేవారు. దారినపోయేవాళ్ళు ఆగి "మేష్టారమ్మగారూ" అని పలకరిస్తుంటే, అబద్ధమెందుకు, ఒళ్ళు పొంగిపోయేది.

ఆ వైభవం మీదికి మా మరిది పెళ్ళి వచ్చి పడింది. రాజమండ్రి పిల్ల. కాన్వెంటు చదువు, గంజిపెట్టిన చీర, ఏ మాటకైనా ముందు ఒక నవ్వు. వచ్చిన కొత్తలో "అక్కా, నేనూ కాసేపు కూర్చోనా" అని అరుగు చివర ఒదిగి కూర్చునేది. ఏకులా వచ్చి మేకవ్వడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. బొమ్మల ప్రశ్నలు తను చెబుతానంది. సరే, అవి నాకూ కొంచెం చిరాకే. మా మామగారి గడ్డం గీసుకునే అద్దం తెచ్చి, బొమ్మ పక్కన నిలబెట్టి, కుడి ఎడమెలా అవుతుందో చూపించింది. పిల్లలు ఆ అద్దం కోసం కొట్టుకున్నారు. పైగా సరైన జవాబుకి ఒక పిప్పరమెంటు! నా కొబ్బరికాయలకి పిప్పరమెంట్లతో పోటీ పడే శక్తి ఎక్కడిది? పది రోజుల్లో అరుగు చాలడం లేదన్న మిష మీద ఆవిడ తరగతి పెరటరుగుకి మారింది. వీధిలో నేను, పెరట్లో ఆవిడ, మధ్యలో మంచమ్మీద మా అత్తగారు. "ఒకే ఇంట్లో రెండు బళ్ళేంటర్రా?" అని అత్తగారు నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. పెరట్లోంచి పిల్లల కేరింతలు వినిపించినప్పుడల్లా, నా చాప మీద ఎంతమంది మిగిలారో చూసుకునేదాన్ని.

పరీక్ష ఇంకో నెల ఉందనగా మేమిద్దరం కలిసి ఒక మాదిరి పరీక్ష పెట్టాం. ప్రశ్నలు ఆవిడే ఒక గైడులోంచి దించింది. అందులో ఒకటి: రైతు దగ్గర ఐదువందల కొబ్బరికాయలున్నాయి, కుప్పకి వంద చొప్పున పోస్తే ఎన్ని కుప్పలవుతాయి? రెండో తరగతి పిల్లాడు చెప్పే లెక్క. నా శిష్యులందరూ, మా అమ్మాయితో సహా, నాలుగు అని రాశారు. ఆవిడ తెల్లబోయింది. నేనూ తెల్లబోయి, ఎందుకు రాశావే అని మా అమ్మాయిని నిలదీశాను. "వందకి కొసరు వెయ్యాలి కదమ్మా. కొసరు తీస్తే ఐదో కుప్పకి కాయలు సరిపోవు" అంది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. నిజమే. మా ఇంట్లో ఉత్త వందని ఎవరూ వంద అనరు. షావుకారు ఎదురుగా కుప్ప పోస్తే పైన నాలుగు కాయలు పడాల్సిందే. అది నేను నేర్పింది కూడా కాదు, పిల్లలు రోజూ చూస్తున్నదే. మా తోటికోడలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ, "పరీక్షలో వందకి వందే అక్కా. ఢిల్లీవాళ్ళకి కొసరేం తెలుస్తుంది!" అంది. వెక్కిరింపు లేదు ఆ మాటలో. ఉంటే బాగుండును, తిట్టుకోవడానికి వీలుండేది.

ఆ సాయంత్రం నించి మా అమ్మాయి లెక్కలకి కూడా పెరటరుగుకే వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు, దాని పలక అదే పట్టుకుని నడిచింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఇక్కడ పొరుగిల్లు కూడా కాదు, మా దొడ్డే. అన్నం ముద్ద నోట్లో ఉండగా "పిన్ని ఇలా చెప్పింది", నిద్రలో "పిన్ని అలా చెప్పింది". ఊళ్ళో పిల్లలందర్నీ తీసుకోవమ్మా, నా ఒక్కదాన్ని నాకు వదిలెయ్యకూడదూ అని అరుద్దామనిపించేది. పిల్ల నెగ్గాలని దేవుడికి మొక్కుకుంటూనే, నావల్ల నెగ్గిందని అది చెప్పాలని కూడా అదే మొక్కులో కలిపేదాన్ని.

నెగ్గింది. మా ఊరి నించి సీటు వచ్చింది దానికొక్కదానికే. హెడ్మాస్టరుగారు స్వయంగా ఇంటికొచ్చి, గుమ్మంలో ఎదురైన నన్ను దాటుకుని, "ఏదమ్మా, మా రాజమండ్రి టీచరమ్మ?" అన్నారు. ఆయనకి మజ్జిగ నేనే ఇచ్చాను. ఉప్పు వెయ్యలేదు.

హాస్టలు జిల్లాకి ఆ చివర. పిల్లల్ని చూడనిచ్చే మొదటి ఆదివారం మేమిద్దరం బస్సెక్కాం. నా ఒళ్ళో సున్నుండల డబ్బా, ఆవిడ ఒళ్ళో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. పిల్ల ముందు ఎవరి దగ్గరికి పరిగెడుతుందన్నదే ఇద్దరి మనసులోనూ. గేటు దగ్గర ఇద్దరం చేతులు చాచి నిలబడ్డాం. అది పరిగెత్తలేదు. నున్నగా కొత్తరకం జడలు వేయించుకుని, వార్డెనమ్మ చెయ్యి పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. డబ్బాలు రెండూ తెరిచి, సున్నుండొకటి, పూతరేకొకటి వార్డెనమ్మ చేతిలోనే పెట్టింది. "మా మేడం తిన్నాక నేను తింటా" అంది. జడలు ఎవరు వేశారమ్మా అంటే గర్వంగా ఆవిడ వంకే చూసింది. గంట కొట్టగానే మాకు టాటా చెప్పి, ఆవిడ వెనకాలే లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో చాలాదూరం వచ్చాక మా తోటికోడలు కిటికీలోంచి చూస్తూనే, "ఆవిడేంటక్కా, మన పిల్ల చెయ్యి కాసేపైనా వదల్లేదు?" అంది. కుళ్ళు అంటే నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఆ గొంతులో ఉన్నది అచ్చంగా అదే. "అవునే, దానికి ఆ జడలు ఏమాత్రం నప్పలేదు" అన్నాను. ఖాళీ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరం ఊరొచ్చేదాకా వార్డెనమ్మని తిట్టుకున్నాం. ఆ ఏడాదంతా పిల్ల ఎవరిదో తేల్చుకునే పంతంలో దాన్ని పోటీలుపడి పంపించేశామని ఇద్దరికీ ఆ బస్సులోనే తెలిసింది. పిల్ల ఇంట్లో ఉండే ఆఖరి ఏడాదైనా సరే, గడుస్తున్నప్పుడు మామూలు ఏడాదిలాగే ఉంటుంది.