వావిలి పొదకు సారు పెట్టిన పేరు

ఈ రోజు ఖుర్సీపార్‌లో మా గుడి పక్క పార్కుకి, మొక్కలకు పేర్ల పలకలు కట్టడానికి ఒక కాలేజీ సారు వచ్చారు. గోడవారనున్న వావిలి పొదను ఫోనులో ఫోటో తీసి, "ఇది గంజాయి, పీకేయ్" అని మాలీకి చెప్పేశారు. ఆకుకి అయిదు వేళ్లుంటే చాలు, ఆ ఫోనుకి గంజాయే!

పక్కింటి సరోజ కూతురు బాలింత. స్నానం నీళ్లలో మరిగించడానికి ఆ ఆకు కోసమే నేను వెళ్లాను.

"ఇది వావిలి బాబూ. వినాయకుడి పత్రిలో పెడతాం. వాసన చూడండి" అని ఆకు నలిపి చూపించాను.

"ఏం చదివారు ఆంటీజీ?"

"పదో తరగతి."

"నా డాక్టరేట్ మొక్కల వర్గీకరణలోనే."

పార్కు ఊడ్చే చమేలీ పకపకా నవ్వింది. "గంజాయైతే మా ఆయన ఇన్నాళ్లు మిగల్చేవాడా సార్! మా హిందీలో ఇది నిర్గుండీ."

సారు పీకడం ఆపించారు. మా మాట మాత్రం రాయలేదు. "గుర్తు తెలియని అడవి పొద" అని పలక కట్టి వెళ్లారు. ఆయనకు తెలియకపోతే లోకంలో ఎవరికీ తెలియనట్టే! అంత చదువునీ దేవుడే కాపాడాలి.

మీ వైపు దీన్ని ఏమంటారో చెప్పండి. పలక మీద ఇంకా బోలెడు చోటుంది, రేపు నేనే వెళ్లి రాస్తాను.