ఉలవల మూట

కుక్కర్ మూత తీయగానే ఉడికిన ఉలవల వాసన వస్తే నాకు ఇప్పటికీ సిరిసిల్లలో మా వాకిట్లో కట్టేసిన ముసలి గుర్రమే గుర్తొస్తుంది. మా వాడలో టాంగా తోలే పెద్దాయనను మేమంతా చాచా అనేవాళ్లం. టాంగా మానేశాక ఆయన ఆ గుర్రాన్ని అమ్మడానికి మనసొప్పక, కట్టేసే చోటు లేక, మా నాయనకు అప్పజెప్పాడు. ప్రతి శుక్రవారం దానికోసం ఉలవల మూట తెచ్చేవాడు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బందులతో నాయన బట్ట నేసే సాంచెలు ఆగిపోయి, కూలి రాకుండా పోయింది. అమ్మ ఉడికించిన ఉలవల్లో సగం గుర్రానికి పెట్టి, మిగతా సగం మాకు వడ్డించేది. గుర్రం తిండి దొంగతనంగా తింటున్నామని నాకు ఒకటే భయం. ఒక శుక్రవారం ఉండబట్టలేక చెప్పేశాను.

"చాచా, నీ గుర్రం ఉలవలు మేం గూడ తింటున్నం."

అమ్మ తల వంచుకుంది. చాచా గుర్రం మెడ నిమురుతూ నవ్వాడు.

"మంచిగైంది బేటా. ఒక్కటే తింటే దానికి అరగదు. మీరు గూడ తినుండ్రి."

నేను నమ్మాను. గుర్రానికి అరగాలని రోజూ గిన్నె ఊడ్చినట్టు తిన్నాను.

బందులు మొదలైన వారం నుంచే ఆ మూట రెండింతలైందని చాన్నాళ్లకు అమ్మ చెప్పింది. పళ్లరిగిన గుర్రం ఎన్ని ఉలవలు తింటుందో, బతుకంతా గుర్రాలను సాకిన మనిషికి తెలియదా?