సొంత మాటల్లో చెప్పమన్నాక

గుడివాడలో మా టీచర్లకి శిక్షణ పెట్టినప్పుడు, తరగతి తీసుకోవడానికి వచ్చినాయన మొదటిరోజే మాకో పరీక్ష పెట్టాడు. తేనెటీగల గురించి ఒక పేజీ పంచి, సగం మందిని దాన్ని మళ్ళీ మళ్ళీ చదవమన్నాడు. మిగతావాళ్ళని ఒక్కసారే చదివి, కాగితం బోర్లించి, గుర్తున్నది పక్కవాళ్ళకి చెప్పమన్నాడు. నేను మళ్ళీ మళ్ళీ చదివే గుంపులో పడ్డాను. కంఠతా వచ్చేసిందనుకున్నాను. మర్నాడు అడిగితే రాణి ఈగ తప్ప ఒక్క ముక్క గుర్తు రాలేదు. నా పక్కన కూర్చున్న పామర్రు టీచరు ముందురోజు తడబడుతూ చెప్పింది కానీ, ఆవిడకి చాలావరకు గుర్తుంది.

"పిల్లలకి పాఠం చెప్తే సరిపోదండీ. ఎలా నేర్చుకోవాలో కూడా మనమే చెప్పాలి" అన్నాడాయన. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవాలి, సొంత మాటల్లో చెప్పాలి, పాత పాఠాన్ని కొన్నాళ్ళాగి మళ్ళీ అడగాలి. సాయంత్రం బందరు ప్యాసింజర్లో కూర్చుని ఇవన్నీ మనసులో వల్లె వేసుకుంటూ వచ్చాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏం చెయ్యాలో అంత స్పష్టంగా నాకెప్పుడూ తెలియలేదు. ఆ స్పష్టత మాత్రం నెల కూడా నిలవలేదు.

బందరులో మాది చిన్న ప్రైమరీ స్కూలు. నాకు నాలుగో తరగతి ఇచ్చారు. పిల్లల ఇళ్ళల్లో చాలామందిది రోల్డుగోల్డు నగల పని. తరగతిలో ఒక పాప ఉండేది. ఏ పాఠమైనా అచ్చు పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పేది. కామా దగ్గర చిన్నగా, ఫుల్‌స్టాప్ దగ్గర కాస్త ఎక్కువగా ఆగేది. బడి చూడటానికి ఎవరొచ్చినా మేం ముందు లేపేది ఆ పాపనే.

అప్పుడు నీటి గురించిన పాఠం నడుస్తోంది. నీళ్ళు ఆవిరి కావడం, మబ్బులు, వాన. చదివించాక పుస్తకాలు మూయించి, "ఇప్పుడు మీ మాటల్లో చెప్పండి" అన్నాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా తలా ఒక ముక్క అన్నారు. ఒకడు మబ్బు పొగ అన్నాడు, ఇంకొకడు దూది అన్నాడు. నాకు ఉత్సాహం వచ్చింది. పాపని లేపాను. నిలబడింది కానీ మాట్లాడలేదు.

"మర్చిపోయావా?"

"లేదు టీచర్. పుస్తకంలో ఉన్నట్టు చెప్పనా?"

"వద్దు. నీ మాటల్లో చెప్పు."

పాప కాసేపు ఆలోచించింది. "నా మాటలు పుస్తకంలో ఉండవు కదా టీచర్. తప్పవుతాయి" అంది.

పరవాలేదు, తప్పయినా చెప్పమన్నాను. చెప్పలేదు. ఆ వారమంతా అదే వరస. ఇదివరకు అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల ఇప్పుడు తల దించుకుని గోళ్ళు చూసుకుంటూ కూర్చునేది. మాట్లాడనివాళ్ళు మాట్లాడుతున్నారు, మాట్లాడే పిల్ల మానేసింది. దీన్ని లాభమనాలో నష్టమనాలో నాకు బోధపడలేదు.

ఒకరోజు బడి వదిలే వేళకి పాప నానమ్మ వచ్చింది. పొద్దున్నే వీధిలో పిల్లలకి ఇంట్లో అరబ్బీ చదువు చెప్పేది ఆవిడే అని అంతకుముందు విన్నాను, చూడటం అదే మొదలు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, నేను కూర్చున్నాక కూర్చుంది.

"టీచరుగారూ, మా పిల్ల బడికి రానని ఏడుస్తోందండీ. కొట్టారా అనడిగితే లేదంది. తిట్టారా అంటే అదీ లేదంది. మరేంటే అంటే, నాకు వచ్చింది చెప్తానంటే టీచర్ వద్దంటున్నారు అంటోంది."

నేను గుడివాడలో విన్నదంతా చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా వింది.

"నా దగ్గర ఒక్క అక్షరం మారినా తప్పేనండీ. దైవవాక్యం కదా. మీ దగ్గరేమో మారకపోతే తప్పు."

"అది వేరు, ఇది వేరు కదండీ" అన్నాను.

"మీకూ నాకూ వేరే. పిల్ల నోరు ఒక్కటే కదండీ."

ఆవిడ నన్ను నిలదీయాలని వచ్చినట్టు లేదు. కొంగు సర్దుకుని, ఉన్నట్టుండి గొంతు తగ్గించి అడిగింది. "దీని చెల్లెలికీ నేనే చెప్తున్నానండీ, అదే చాప మీద కూర్చోబెట్టి. దానికి ఒక్క ముక్క ఎక్కట్లేదు. మీ ట్రైనింగులో దానికేమైనా చెప్పారా?"

చెప్పలేదన్నాను. మర్నాడు పాప బడికి వచ్చింది. ఆవిడ ఏం చెప్పి పంపిందో నేను అడగలేదు. నేను కూడా పాపని లేపడం మానేశాను.

కొన్ని రోజుల తర్వాత మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు కుళాయి దగ్గర పళ్ళేలు కడుక్కుంటున్నారు. జ్వరంతో బడికి రాని ఒక అమ్మాయి అప్పుడే మళ్ళీ రావడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి నీటి పాఠం అర్థం కాలేదంటే పాప చెప్తోంది. నేను స్తంభం ఇవతల ఉన్నాను.

"తడి లంగా ఆరేస్తే నీళ్ళు ఎటు పోతాయి? పైకి పోతాయి. పైన చల్లగా ఉంటది. ఫ్రిజ్‌లో నీళ్ళు గ్లాసులో పోస్తే బయట చెమట పడుతుంది చూడు, అట్లా అక్కడ చెమట పడుతుంది. అదే వాన. మనది సముద్రం పక్కూరు కదా, అందుకని మన వాన కొంచెం ఉప్పగా ఉంటది."

చివరి మాట వినేదాకా నా సంతోషానికి హద్దు లేదు. ఆ తర్వాత ఏమనుకోవాలో తెలియలేదు. పుస్తకం అప్పజెప్పినన్నాళ్ళూ ఈ పిల్ల ఒక్క తప్పు చెప్పలేదు. ఆలోచించడం మొదలుపెట్టగానే తప్పు వచ్చింది. సరిదిద్దితే మళ్ళీ నోరు మూసుకుంటుంది. ఊరుకుంటే తరగతి మొత్తానికి బందరు వాన ఉప్పగా ఉంటుందని స్థిరపడిపోతుంది.

మర్నాడు ఎవరు చెప్పారనకుండా, "మన వాన ఉప్పగా ఉంటుందా?" అని తరగతినే అడిగాను. సగం మంది ఉంటుందన్నారు. ఒక పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి ఎండలో పెట్టించాను. నీళ్ళు ఇగిరిపోయాక అడుగున ఉప్పు తెల్లగా మిగిలింది. "చూశారా, ఉప్పు పైకి పోదు" అన్నాను. అందరూ సరేనన్నారు. పాప చెయ్యెత్తింది. చాలా రోజుల తర్వాత ఎత్తింది.

"పళ్ళెంలో నిజమే టీచర్. కానీ మంగినపూడి బీచికి వెళ్తే నీళ్ళలో దిగకపోయినా పెదాలు ఉప్పగా ఉంటాయి కదా. ఆ ఉప్పు గాల్లోకి ఎట్లా వచ్చింది?"

రేపు చెప్తానన్నాను. ఆ సాయంత్రం నాకు తెలిసిన హైస్కూలు సైన్సు మాస్టారికి ఫోన్ చేశాను. అలలు విరిగినప్పుడు తుంపర లేస్తుంది, గాలి దాన్ని మోసుకొస్తుంది, తీరం దగ్గరి వానలో ఆ ఉప్పు కాస్త కలిసే వీలుంది అన్నారాయన. "నాలుక్కి తెలిసేంత ఉండదనుకోండి. మీ పాప పూర్తిగా తప్పూ చెప్పలేదు, పూర్తిగా ఒప్పూ చెప్పలేదండీ." ఆ మాటనే తరగతిలో ఎలా చెప్పాలో తెలియక, వాన పడ్డ రోజు అందరినీ వరండా అంచున నిలబెట్టి నాలుకలు చాపమన్నాను. కొందరు చప్పగా ఉందన్నారు, కొందరు ఉప్పగా ఉందన్నారు. పాప కళ్ళు మూసుకుని చాలాసేపు రుచి చూసి, "తెలియట్లేదు టీచర్" అంది. ఆ మాట ఆ పిల్ల నోట నేను వినడం అదే మొదటిసారి. నేనూ నాలుక చాపాను. నాకూ తెలియలేదు.

ఏడాది చివరికి పాప బాగానే మాట్లాడేది. కానీ పద్యం అప్పజెప్పమంటే మునుపున్నంత ధారగా రావట్లేదు, మధ్యలో ఆగి "ఈ మాటకి అర్థమేంటి టీచర్?" అనేది. అది నా పద్ధతి వల్లో, ఏడాది పెద్దదైనందుకో చెప్పలేను.

తర్వాత అవనిగడ్డలో టీచర్ల సమావేశం జరిగినప్పుడు నా అనుభవం చెప్పమన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. నిర్వహిస్తున్నావిడ పెన్ను పట్టుకుని, "అయితే ఫలితం ఏమని రాసుకోమంటారండీ?" అంది. నేను ఆలోచిస్తుండగా వెనక నుంచి నాగాయలంక మాస్టారొకాయన, "మాదీ సముద్రం పక్కేనండీ, మా వాన ఎప్పుడూ ఉప్పగా లేదు" అన్నాడు. ఆయన పక్కావిడ ఒప్పుకోలేదు. ఇక మాటలన్నీ వానల మీదికి మళ్ళాయి. ఆవిడ ఫలితం అడిగిన చోట చెప్పాల్సిందేదో మిగిలిపోయిందనిపించింది. ఏమిటో తెలియక కూర్చున్నాను.