పైదగోగోస్ చేతి బెత్తం

ఏలూరు నుంచి మా ఊరికి వెళ్లే బస్సు దెందులూరు దాటి చేపల చెరువుల మధ్యకు మళ్లిందంటే చాలు, చేపల మేతకని చిల్లుల సంచుల్లో నింపి చెరువులో గెడలకు వేలాడదీసిన తవుడు వాసన కిటికీలోంచి గుప్పున లోపలికొస్తుంది. పక్క సీటు వాళ్లు ముక్కుకు పైట అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం కడుపునిండా పీల్చుకుంటాను. తాడేపల్లిగూడెంలో హైస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పే నలభై అయిదేళ్ల టీచర్ని కాస్తా ఆ వాసనకు తొమ్మిదేళ్ల పిల్లనైపోతాను. అది ఆదివారం పొద్దు అయిపోతుంది.

మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, వయసులో ఉండగా బైబిలు స్త్రీ. మిషను రోజుల్లో గుడ్డసంచి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, ఆడవాళ్లకు అక్షరాలూ వాక్యమూ చెప్పేవాళ్లను అలా పిలిచేవారు. ఏలూరులో ట్రైనింగు అయ్యేటప్పుడు ఒక దొరసాని చెప్పగా విని, హెబ్రీ మాటలూ గ్రీకు మాటలూ కొన్నింటిని తెలుగు అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసుకుంది. ఆ భాషల అక్షరం ఒక్కటి కూడా ఆవిడ చూసి ఎరగదు. అయినా క్రిస్మస్‌కు వండిన అరిసెలు డబ్బా అడుగున గట్టిపడి ఇంకా రెండో మూడో మిగిలుండే ఆ జనవరి చలిలో, సండేస్కూలుకని మా చర్చి గుడి అరుగు మీద పరిచిన ఈతచాపల మీద మమ్మల్ని కూర్చోబెట్టి ఆవిడ ఆ మాటలు పలుకుతుంటే మా ఒళ్లు జలదరించేది. గురువుకు ఎన్ని పేర్లో! మోరే అంటే దారి చూపించేవాడు. ప్రవక్తల కాలంలో తొలకరి వానను కూడా ఆ మాటతోనే పిలిచారట. రబ్బీ అంటే నా గొప్పవాడా అని. దిదాస్కలోస్ అంటే బోధించేవాడు. యేసు సమాధి దగ్గర మరియ పలికిన రబ్బూనీ అన్న మాట వచ్చేసరికి మామ్మ గొంతు తగ్గించేసేది, చంకలో పిల్లలు కూడా ఏడుపు మానేవారు. గూడెం రైలుస్టేషనైనా చూడని మా నోట్లో యెరూషలేము వీధుల మాట ఆడుతోందంటే, ఆకాశం కాస్త కిందికి దిగినట్టుండేది నాకు.

కొత్త సంవత్సరం రోజున గుళ్లో పెద్దవాళ్లందరూ ఆ ఏడాదికి తమ వాక్యం రాసి ఉండే వాగ్దానం కార్డులు తీస్తారు కదా, అది చూసి మామ్మ మాకూ ఒక పద్ధతి పెట్టింది. సోలలో చీటీలు వేసి తీయించేది. ఎవరికి ఏ మాట వస్తే ఏడాదంతా ఆ పని వాళ్లది. మోరేకి కిందటి వారం కథ తిరిగి చెప్పే పని, దిదాస్కలోస్‌కి బోర్డు మీద కంఠతవాక్యం రాసే పని. మేమందరం పడి చచ్చేది మాత్రం పైదగోగోస్ చీటీ కోసం. బైబిల్లో పౌలు రాసిన పత్రికలో ఉన్న ఆ మాటను, పిల్లలను అదుపులో పెట్టే కఠినుడని మామ్మ అర్థం చేసుకుంది. అందుకని ఆ చీటీ వచ్చినవాళ్లకు బెత్తం ఇచ్చేది. ఆ ఏడు అది నాకొచ్చింది. అసలే కోతి, ఆపై కల్లు తాగింది అన్నట్టయింది నా పని.

చెరువు కాపలా వాళ్ల అమ్మాయి సలోమికి అప్పుడు ఆరేళ్లు. గట్టు మీద తాటాకు పాకలో ఉండేవాళ్లు. దిదాస్కలోస్ అనే మాట ఎంత చెప్పినా దానికి నోరు తిరగలేదు. మామ్మ గంట కొట్టడానికి వెళ్లిన సమయం చూసి దాని అరచేతి మీద రెండు దెబ్బలు వేశాను. అది ఏడవలేదు. చెయ్యి పావడాకు రుద్దుకుంటూ నా మొహంలోకి చూసిందంతే. మరుసటి ఆదివారం రాలేదు, ఆ పైవారమూ రాలేదు. ఎందుకు రావట్లేదని మామ్మ అడిగితే జ్వరమేమో అన్నాను. ఇక ఎప్పటికీ రాదేమో, అదంతా నావల్లేనేమో అని లోపల్లోపల బెంగపెట్టుకున్నాను.

మూడో ఆదివారం, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు మా తరగతిలో వచ్చి కూర్చున్నారు. ఆయన బైబిలు కాలేజీలో ఆ భాషలు చదివారని తెలిసి, మామ్మ చేతులు తుడుచుకుని నోటుబుక్కు ఆయన ముందు పెట్టింది. "నలభై ఏళ్లబట్టీ చెబుతున్నానండి అయ్యగారూ. తప్పులుంటే ఇప్పుడైనా దిద్దండి" అంది. ఆయన ఒక్కో మాటకూ తల ఊపుతూ వచ్చి, పైదగోగోస్ దగ్గర ఆగారు.

"ఈయన పాఠం చెప్పేవాడు కాదండి మామ్మగారూ. ఆ ఇంటి దాసుడు. పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని గురువుగారి గుమ్మం దాకా తీసుకెళ్లి, మళ్లీ ఇంటికి తీసుకొచ్చేవాడు. కర్ర కూడా ఉండేదేమోగానండి, అతని పని మాత్రం తోడెళ్లడమే."

మామ్మ నోటుబుక్కు మూసి, నా చేతిలో బెత్తం వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "సలోమిని ఏం చేశావే?" అంది. చెప్పేశాను.

ఆవిడ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. బెత్తం తీసుకెళ్లి గుడి వెనక దొండపాదుకు ఊతంగా గుచ్చేసి, నన్ను వెంటబెట్టుకుని గట్టు మీద నడిచింది. మంచు ఇంకా విడలేదు. చెరువుల అవతల కొల్లేరు మీద గూడబాతులు బారులు తీరి ఎగురుతున్నాయి. పాక ముందు సలోమి వాళ్లమ్మ చెయ్యి కడుక్కుని పీట తెచ్చేలోపే, డెబ్బై ఏళ్ల మామ్మ, ఊళ్లో పెద్దకాపులు కూడా లేచి నిలబడి పలకరించే మామ్మ, ఆ తడి మట్టిలో చతికిలబడి పిల్ల ఎత్తుకు వంగింది.

"తప్పు నాదమ్మా. చేయాల్సిన పనేంటో తెలీకుండా దీని చేతికి కర్రిచ్చాను. నన్ను క్షమిస్తావా?"

"అయ్యయ్యో, మామ్మగారూ, అంతమాటెందుకండీ! లేవండి, చీర పాడైపోద్ది" అని వాళ్లమ్మ కంగారుపడిపోతోంది. సలోమి కాసేపు ఆలోచించి, వెనక దాచుకున్న చెయ్యి ముందుకు చాపింది. మామ్మ ఆ చేతిని నా చేతిలో పెట్టింది. దేవుడికి మొక్కేటప్పుడు కూడా నాకు అంత భయమూ భక్తీ కలగలేదు. అంతటి మనిషి అంత కిందికి దిగడం నేను మళ్లీ చూడలేదు. ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం గట్టు చివరి దాకా వెళ్లి సలోమిని చెయ్యి పట్టుకుని గుడికి తీసుకురావడమే నా పనైంది.

మామ్మ పోయి పాతికేళ్లు దాటింది. గట్టు మీద ఇప్పుడు సిమెంటు రోడ్డు, సండేస్కూలు పిల్లల్ని వ్యాను ఇంటింటికీ వచ్చి ఎక్కించుకుంటోంది. చీటీలు తీసే పద్ధతి లేదు, ఆ మాటలు పలికేవాళ్లూ లేరు. కిందటి నెల గుడి ముందు సలోమి కనబడింది, కూతురి పెళ్లి శుభలేఖ ఇచ్చింది. ఎందుకో నోరు ఆగలేదు. ఆ రోజు నిన్ను కొట్టాను, తప్పయిపోయింది, నన్ను క్షమించు అన్నాను.

తను నవ్వలేదు, తేలిగ్గా కొట్టిపారేయనూ లేదు. "గుర్తుందక్కా. మామ్మగారు అడిగారు గానీ మీరడగలేదు కదండీ. ఆ ఏడాదంతా మీరు నా చెయ్యి పట్టుకున్నప్పుడల్లా, ఇయ్యాల అడుగుతారు, ఇయ్యాల అడుగుతారు అనుకునేదాన్ని" అంది.

మా చిన్నతనంలో ఉండి ఇప్పుడు లేనివాటన్నిటి గురించీ రాద్దామని కూర్చున్నాను. ఒక్క మాట కోసం ఏడాదిపాటు నా పక్కనే నడిచిన ఆ ఆరేళ్ల పిల్ల లేదు. ముప్పై ఆరేళ్ల తర్వాత నేనడిగిన క్షమాపణ ఆ పిల్లకు అందలేదు.