ఒక్క కిడ్నీ మూత్రం

ఇన్నేళ్లలో నా ప్రశ్నకు నవ్వు తప్ప జవాబు రాలేదు. "మిర్చి శేటుకు ఘాటెక్కువ" అని తప్పుకున్నవాళ్లే గానీ, కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. నేను మరిచిపోతానని అనుకున్నారేమో. నేను మరిచిపోయే మనిషిని కాను.

ఎనభైల మొదట్లో నాది వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరప వ్యాపారం. మా పాపకు ఏడేళ్లు. అప్పుడప్పుడు ఎడమ డొక్క పట్టుకుని ముడుచుకుపోయేది, వాంతి చేసుకునేది. కాసేపటికి లేచి ఆడుకునేది. మా అమ్మ వేడి చేసిందనేది. మిరప బస్తాల మధ్య బతికే మాకు ఏ నొప్పి వచ్చినా వేడే. సబ్జా నీళ్లు, మజ్జిగ, అంతటితో సరి.

నా మనసొప్పక ఊళ్లో పేరున్న డాక్టరుకు చూపించాను. మూత్రం పరీక్షలో ఏమీ లేదన్నాడు. మళ్లీ నొప్పి వస్తే మళ్లీ పోయాను. ఈసారి ఆయన సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు.

"చూడు శేట్, అద్దం లెక్కున్నది."

"ఒక్క ఎడమ దిక్కే నొస్తాందంటది సార్. ఇంకో దిక్కు అననే అనది."

"మిర్చి శేట్ ఇంట్ల మంట పుట్టక మంచు పుడతదా? నీ బిడ్డది బడి ఎగ్గొట్టే నొప్పి. గంతే."

బల్లల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. పాప తల దించుకుంది. దారిలో నా వేలు పట్టుకుని, "ఇప్పుడు నొస్తలేదు బాపూ" అంది.

ఆ తరువాత అది నొప్పి మాట ఎత్తలేదు. తగ్గిందనుకున్నాం. దిండు డొక్కకు అదుముకుని పడుకోవడం అలవాటనుకున్నాం. చివరికి చలిజ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే రైల్లో హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడి సర్జను నరంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలు తీయించాడు. కుడి కిడ్నీ తెల్లగా కనిపించింది. ఎడమవైపు ఏమీ కనిపించలేదు. ఆ కిడ్నీ కింది గొట్టం పుట్టుకతోనే ఇరుకట. మూత్రం నిలిచి నిలిచి కిడ్నీ ఉబ్బి, పాడైపోయిందట.

"మరి మూత్రం సాఫ్ ఉన్నదన్నరు గద సార్?"

"సాఫే ఉంటది. అడ్డం పడ్డ కిడ్నీది సీసలకు రాదు గద. మీరు పట్టిచ్చింది మంచి కిడ్నీది."

"అడ్డం ఉన్నదని మూత్రంల తెలిసే గుర్తు ఏదీ లేదా?"

"ఉంటె బాగుండు. ఇప్పటికైతె నా ఎరికల లేదు. ఏ దిక్కు నొస్తాందో పిల్లనే చెప్పాలె."

చెప్పింది కదా! ఏడేళ్ల పిల్ల చెయ్యి పెట్టి మరీ చూపించింది.

ఎడమ కిడ్నీ తీసేశారు. ఎక్స్‌రే పట్టుకుని వరంగల్ డాక్టరు దగ్గరికి పోయాను. "రిపోర్టు తప్పు కాదు గద శేట్" అని తరువాతి రోగిని లోపలికి పిలిచాడు. మా యార్డులో పైకాయలు చూసి ఎవరూ బేరం చెయ్యరు, బస్తా అడుగుదాకా చెయ్యి పెడతారు. అదే చెప్పబోయాను. వినలేదు. తరువాత ఒక పెళ్లిలో ఎదురుపడి, నలుగురిలో, "ఏం శేట్, ఘాటు తగ్గిందా?" అన్నాడు. పాప నా పక్కనే ఉంది. అప్పుడు కూడా తల దించుకుంది.

డాక్టరుగారూ, మూత్రంలో కనబడలేదన్నారు, ఒప్పుకుంటాను. పిల్ల నోటితో చెప్పినదాన్ని ఎందుకు వినలేదు? నాకు కాదు, దానికి చెప్పండి. అందరి ముందు నవ్వారు కదా, అందరి ముందే చెప్పండి.