ఎండలో లేచిన పెట్టె

రాయపూర్‌లో తెలీబంధా చెరువు పక్కన దుకాణాల ముందు, ఏప్రిల్ ఎండలో అద్దాలెత్తి వదిలేసిన కారు తలుపు తీయగానే కాగిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంటుంది. అందరూ ముక్కు మూసుకుని నాలుగు తలుపులూ బార్లా తెరుస్తారు. నేను మాత్రం కాసేపు ఆ వాసనలోనే కూర్చుంటాను. మొన్న వెనక సీటు మీద గుమ్మడి వడియాల ప్యాకెట్ ఒకటి మర్చిపోయి వెళ్ళాను. వచ్చి తలుపు తీసేసరికి ప్లాస్టిక్ వాసనకి ఇంగువ వాసన తోడై ఉంది. ఆ రెండూ కలిసిన గాలిని నేను నా జన్మలో ఒక్క చోటే పీల్చాను. అది ఇదే ఊళ్ళో మా పాత రైల్వే క్వార్టర్స్ డాబా, అప్పుడు నాకు పదేళ్ళు.

మా నాన్న వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. తాతయ్య కాలంలోనే శ్రీకాకుళం నుంచి వచ్చి రైలు పట్టాల పక్కన స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, పంపు దగ్గర ఛత్తీస్‌గఢీ, తిట్టుకునేటప్పుడు మూడూ. ఇంట్లో పెత్తనమంతా నాన్నమ్మది. ఆవిడకి ఎండ మీద ఉన్న నమ్మకం డాక్టర్ల మీద కూడా ఉండేది కాదు. కందిపప్పు, చింతపండు, ఊరగాయ జాడీలు, దుప్పట్లు, నాన్న షాపు బూట్లు, తలంటు పోసుకున్న నేను, అన్నీ వరసగా డాబా ఎక్కాల్సిందే. రేడియో గొంతు పీలగా వస్తే లోపలి సెల్లులు తీసి, వడియాలు ఎండబెట్టిన చీర అంచున పేర్చేది. సాయంత్రానికి అవి కాస్త ఓపిక తెచ్చుకుని మరో నాలుగు రోజులు పాడేవి. మా నాన్న నవ్వేవాడు గానీ టార్చిలైటు నీరసపడినప్పుడు తనూ గుట్టుగా ఆ పనే చేసేవాడు.

ఆ ఏడాది మా బడికి అట్టపెట్టెల్లో కంప్యూటర్లు వచ్చాయి. బీద దేశాల్లో ప్రతి పిల్ల చేతిలోనూ చవకలో ఒక కంప్యూటర్ ఉండాలని ఎక్కడో ఎవరో సంకల్పించి తయారుచేయించారట. మాకు ఆ సంకల్పం సంగతి తెలియదు, పైన పట్టుకోవడానికి పిడి ఉన్న నీలం రంగు పెట్టె తెలుసు. పలక కంటే కొంచెం పెద్దది, కింద పడినా పగలదన్నారు, మీటలు రబ్బరువి, చిన్న వేళ్ళకి సరిపడేవి. దాన్ని మొదటిసారి ఒళ్ళో పెట్టుకున్నప్పుడు నాకు కలిగిన గర్వం, తర్వాత ఏ డిగ్రీ పట్టా అందుకున్నప్పుడూ కలగలేదు.

అయితే మా హెడ్మాస్టరు భయస్థుడు, పిల్లలందరికీ ఆయన బడే సర్, అంటే పెద్ద సారు. విలువైన వస్తువేదైనా తాళంలో ఉంటేనే ఆయనకి నిద్ర పట్టేది. గ్లోబు తాళంలో, హార్మోనియం తాళంలో, చివరికి కొత్త చీపుర్లు కూడా తాళంలోనే. కంప్యూటర్లు కూడా ఇనప అలమారీలోకి వెళ్ళాయి, వారానికోసారి బయటికొచ్చి మాకు మొహం చూపించి మళ్ళీ వెళ్ళిపోయేవి. మా క్లాసు టీచరు సాహూ మేడమ్ ఎంతగానో పోరింది. ఇవి పిల్లల కోసం చేసినవి, ఇళ్ళకి వెళ్తేనే పిల్లలవి అవుతాయని నచ్చజెప్పి, ఆ వేసవి సెలవులకి ఎవరిది వాళ్ళు పట్టుకెళ్ళేలా, పూచీ తనదిగా ఒప్పించింది. బడే సర్ ఒక్క షరతు పెట్టారు. బడి తెరిచిన రోజున ఒక్కటి పాడై వచ్చినా అన్నీ అలమారీలోకే, ఇక ఎవరి ఇంటికీ వెళ్ళవు. మేడమ్ మా అందరి వైపూ ఒకసారి చూసి సరేనంది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది.

రాయపూర్ వేసవి సంగతి అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పదిగంటలకే లూ అనే వడగాలి మొదలై వీధులు ఖాళీ అయ్యేవి. వట్టివేళ్ళు నింపిన కూలర్ నుంచి తడి మట్టి వాసన ఇల్లంతా పాకేది. పల్లెల నుంచి ఆడవాళ్ళు గంపల్లో తునికి పళ్ళు తెచ్చి అమ్మేవారు, ఆ పసుపుపచ్చ గుజ్జు పళ్ళకి అంటుకుని సాయంత్రం దాకా వదిలేది కాదు. పొద్దున్న మా ఇంట్లో చద్దన్నం, పక్క బ్లాకులో నా క్లాసు సంతోషీ వాళ్ళింట్లో బోరే బాసీ. పేర్లు వేరే గానీ రెండింట్లోనూ రాత్రి నీళ్ళలో నానిన అన్నమే, రెండింటికీ పచ్చి ఉల్లిపాయే. ఈ మధ్యలో నా నీలం పెట్టె రాజభోగాలు అనుభవించింది. అమ్మ దానికి అల్లిక గుడ్డ కప్పింది. నాన్న దాని నట్లు ఎక్కడున్నాయో వెతికి, ముట్టుకోకుండా నిగ్రహించుకున్నాడు. నాన్నమ్మ బొట్టు పెట్టింది.

అక్తీ పండగ, అంటే మన అక్షయ తృతీయ, వచ్చింది. ఆ రోజు అక్కడి పిల్లలు మట్టి బొమ్మలకి పెళ్ళి చేస్తారు. పెళ్ళికొడుకు సంతోషీ వాళ్ళ వాడు, పెళ్ళికూతురు మా పిల్ల. మామిడాకుల పందిరి వేసి, రెండు బొమ్మలకీ పసుపు రాసి, నూనె డబ్బాలు వాయించుకుంటూ వాళ్ళు ఊరేగింపుగా వచ్చారు. జీలకర్ర బెల్లం పెట్టకపోతే అది పెళ్ళే కాదని నాన్నమ్మ పట్టుబట్టింది. ఇదెక్కడి ఆచారమని మగపెళ్ళివాళ్ళు అలిగారు. చివరికి బెల్లం అందరికీ పంచిపెడతామన్నాక శాంతించారు. నా కంప్యూటర్‌లో ఫోటో తీసే కన్ను ఉంది కాబట్టి ఆ పెళ్ళికి ఫోటోగ్రాఫర్‌ని నేనే. పందిట్లో నాకు జరిగిన మర్యాద వియ్యపురాలికి కూడా జరగలేదు. తీసిన ఫోటోల్లో ఒకదాన్ని, పెట్టె వెలిగించగానే తెర మీద కనిపించేలా పెట్టుకున్నాను.

తర్వాత నాలుగైదు రోజులకి ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఒక్క ఉదుటున తిరిగొచ్చింది. కూలర్ గుర్రుమంది, ఛార్జింగులో ఉన్న నా పెట్టె తెర నల్లబడింది. మీటలు నొక్కితే లోపల ఏదో చప్పుడవుతోంది, ఆకుపచ్చ దీపం వెలుగుతోంది, తెర మీద మాత్రం నిశిరాత్రి. ఆర్పి వెలిగించాను, తలకిందులు చేశాను, దణ్ణం కూడా పెట్టాను. నాన్న చూసి, ఇది వ్యాగన్ కాదమ్మా, నా చేతిలో లేదన్నాడు. నాకు ఒక్కసారిగా బడే సర్ షరతు, దాని వెనకే మేడమ్ చూపు గుర్తొచ్చాయి. నా ఒక్కదాని మూలంగా క్లాసు మొత్తం కంప్యూటర్లు తాళంలోకి పోతాయి, మాట ఇచ్చిన మనిషి తల దించుకుంటుంది. రెండు పూటలు అన్నం తినలేదు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

నాన్నమ్మకి చెప్పనక్కర్లేదు, తినని కంచం చూస్తే ఆవిడకి అన్నీ అర్థమయ్యేవి. మర్నాడు పొద్దున్న వడియాల పిండి గిన్నె చంకనెత్తుకుని నా మంచం దగ్గరకొచ్చింది.

"ఏటే సత్తీ, ఖరాబైపోనాదని ఏడుత్తన్నావా? సెల్లులు నీరసపడితే ఎండలో ఎడితే లెగడం లేదా? ఇదీ అలాటిదే. పట్రా పైకి."

అది వేరు, ఇది వేరని చెప్పే ఓపిక నాకు లేదు. డాబా మీద పాత చీర పరిచి, ఒక వైపు వడియాలు పెట్టి, ఇంకో వైపు ఆకుపచ్చ దీపం ఇంకా వెలుగుతున్న నా పెట్టెని ఊరగాయ జాడీలా మూత తెరిచి కూర్చోబెట్టింది. కాకుల్ని తోలమని నా చేతికి కర్ర ఇచ్చింది. నేను మొహం ముడుచుకుని అటు తిరిగి కూర్చున్నాను. పిట్టగోడ నీడ తప్పుకుని ఎండ నేరుగా పెట్టె మీద పడింది. ఓ కాకి వాలితే కర్ర విసరబోయి ఇటు చూశాను.

తెర మీద పెళ్ళి జరుగుతోంది! మామిడాకుల పందిరి, పసుపు పూసిన బొమ్మలు, వెనకాల సంతోషీ పళ్ళికిలించి నిలబడి ఉంది. రంగులన్నీ పోయి నలుపూ తెలుపూ మిగిలాయి గానీ ప్రతి ఆకూ స్పష్టంగా కనిపిస్తోంది. చేత్తో నీడ పట్టాను, మాయమైంది. చెయ్యి తీశాను, మళ్ళీ వచ్చింది. నేను పెట్టిన కేకకి నాన్నమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, వంగి చూసి, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, "మా పెళ్ళి ఫోటో లాగే ఉన్నాది. సెప్పేనా లెగుత్తాదని," అంది.

ఇక ఆ వేసవంతా పొద్దుటి ఎండా నాదే, సాయంకాలపు ఎండా నాదే. కాకుల్ని తోలుతూ కథలు చదివాను, లెక్కల ఆటలు ఆడాను, తాటి బెల్లం చప్పరిస్తూ మీటలన్నీ జిడ్డు చేశాను. సంతోషీ తన పెట్టె తెచ్చుకునేది, దాని తెర గదిలో కూడా వెలిగేది గానీ తనకీ నా పక్కన ఎండలో చూడటమే ఇష్టంగా ఉండేది. వడియాలు ఎండాయి, మేమిద్దరం మాడిపోయాం. అమ్మ మమ్మల్ని చూసి, ఈ పిల్లలకి ఇక పెళ్ళిళ్ళు ఎలా అవుతాయని మొత్తుకునేది.

బడి తెరిచే రోజు వచ్చేసరికి నాలో ధైర్యం నిండుగా ఉంది గానీ ఆకాశంలో ఎండ లేదు. మొదటి వానలకి ముందు మబ్బులు పడమట టాటీబంధ్ వైపు నుంచి బారులు తీరి వస్తున్నాయి. నాన్నమ్మ గొడుగు పట్టుకుని నాతో బడికి బయల్దేరింది. బడే సర్ తన గదిలో ఒక్కొక్క పెట్టె తెరిచి చూస్తున్నారు. నా వంతు వచ్చింది, తెర నల్లగా ఉంది. ఆయన జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టారు. మేడమ్ తల దించుకోలేదు గానీ పెదవి కొరుక్కుంది. బయటికి తెచ్చి చూడమని నేనే అడిగాను. ఆయన విసుక్కుంటూనే వచ్చారు. గ్రౌండులో, మబ్బు వెలుతురులో తెర మీద ఏవో మరకలు తప్ప ఏమీ లేవు. పిల్లలందరూ చుట్టూ మూగారు. ఆయన వెనక్కి తిరగబోతుంటే నాన్నమ్మ గొడుగు అడ్డం పెట్టింది.

"జరా రుకో బాబూ. ధూప్ ఆతా హై. ఎండెక్కడికి పోతాది?"

బడే సర్‌ని బాబూ అని, కాస్త ఆగమన్న మొదటి మనిషి ఆవిడే అయ్యుంటుంది. ఆయన ఆగారు. మేమందరం మెడలు విరిగేలా పైకి చూశాం. మబ్బుల మధ్య సందు పడింది, ఎండ బడి గోడ అంచున మెరిసింది, గ్రౌండు మీదుగా నడుచుకుంటూ వచ్చి నా చేతుల్లో పడింది. బొమ్మల పెళ్ళి వెలిగింది. క్లాసంతా గొంతు చించుకుని అరిచింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, నీడలో పెట్టి ఒకసారి, ఎండలో పెట్టి ఒకసారి, చిన్నపిల్లాడిలా మళ్ళీ మళ్ళీ చూశారు. నేను డాబా మీద టైపు చేసుకున్న పేజీ తెరిచాను. మా నాన్నమ్మ ఎండలో పెట్టింది, లేచింది అని హిందీలో రాసి ఉంది. ఆయన దాన్ని పైకి చదివారు. తాళంచెవులు మళ్ళీ జేబులో వేసుకుని, మేడమ్‌తో నెమ్మదిగా అన్నారు.

"అలమారీలోకి ఎండ రాదు కదా. ఇళ్ళకే పోనివ్వండి."

మేడమ్ కళ్ళు తుడుచుకోవడం అందరం చూశాం. ఆవిడ దాచుకోలేదు కూడా. ఆ ఏడు సగం పాఠాలు బడి ముందున్న వేపచెట్టు నీడ దాటి, ఎండ పడేచోటే జరిగాయి. తెర వెనక ఉండే దీపం కరెంటు దెబ్బకి పోయిందనీ, కరెంటు లేని ఊళ్ళలో పిల్లలు ఆరుబయట చదువుకోవాలని ఆ తెరని ఎండలో కూడా కనిపించేలా చేశారనీ మేడమ్ తర్వాత వివరించింది. ఇంటికొచ్చి అదే చెప్తే నాన్నమ్మ అంతా విని, చేసినవాళ్ళకి కూడా ఎండ సంగతి తెలుసన్నమాట అని మెచ్చుకుంది. చనిపోయేదాకా మా కాలనీలో ఎవరి టీవీ పాడైనా ఆవిడ సలహా ఒకటే. ఎవరూ వినేవారు కాదు, అది వేరే సంగతి.

ఆ క్వార్టర్స్ ఇప్పుడు లేవు, కూలగొట్టి పెద్ద అంతస్తులు కట్టారు. వాటి డాబాల మీద వడియాల చీరల బదులు నీళ్ళ ట్యాంకులు, డిష్షులు. అక్తీ బొమ్మలు బజార్లో ముస్తాబై అమ్ముడుపోతున్నాయి, జీలకర్ర బెల్లం కోసం అలిగేవాళ్ళు లేరు. నాన్నమ్మ లేదు. ఏ ఎండలో పెడితే లేస్తుందో ఆవిడ విషయంలో మాకు తెలియలేదు. నీలం పెట్టె మా అమ్మ బీరువాలో చీరల కింద ఉంది, దానికీ ఊపిరి పోయి చాలా కాలమైంది.

నేనిప్పుడు ఈ ఊళ్ళోనే మోవా దగ్గర ఒక బడిలో కంప్యూటర్ టీచర్‌ని. మా పిల్లలకి వచ్చిన ట్యాబులు మహా నాజూకువి, గుమ్మం దాటి ఎండలోకి తెస్తే తెల్లమొహం వేస్తాయి. పిల్లలు చున్నీలూ చేతులూ అడ్డం పెట్టుకుని, వాటిలోకి తలలు దూర్చి చూస్తుంటారు. చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. సెలవులకి అవి ఇళ్ళకి వెళ్తాయి, గీతలు పడి తిరిగొస్తాయి, పూచీ నాది. స్టాఫ్‌రూమ్‌లో వాటి కోసం ఇనప అలమారీ ఉంది, దాని తాళంచెవి నేను చేరిన రోజునే సంతకం పెట్టించుకుని నాకు అప్పగించారు. తాళంచెవి నా పర్సులో భద్రంగా ఉంది. తాళం ఏమైందో మాత్రం నాకు తెలియదు.